మా పెద్దాయన పెన్షన్ కోసం పడ్డ పాట్లు

న్యూయార్క్ ఆస్టోరియాలో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరు గ్రీసు నుంచి వచ్చినాయన. మా ఇంట్లో అందరికీ ఆయన పెద్దాయనే. పదిహేనో ఏట పిరేయస్ రేవు దగ్గర ఒక హోటల్లో పనికి కుదిరి, అమెరికాలో ఉన్న అన్న వీసా పిటిషన్ పెడితే 1979లో ఇక్కడికొచ్చాడు. అప్పట్నుంచీ డైనర్లే, అంటే ఇక్కడి చిన్న హోటళ్లే. అంట్లు తోమడంతో మొదలై గ్రిల్ దగ్గరికి చేరాడు. నిన్న ఆయనకు పెన్షన్ మంజూరు ఉత్తరం వచ్చింది. అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను, మనవాళ్లకీ పనికొస్తుంది.

ఇక్కడ ప్రభుత్వమిచ్చే సోషల్ సెక్యూరిటీ పెన్షన్‌కి 40 క్రెడిట్లు (పన్ను కట్టిన సంపాదనకు లెక్కకొచ్చే పాయింట్లు) కావాలి. ఏడాదికి 4కి మించి రావు. అంటే కనీసం పదేళ్ల సంపాదన లెక్కలో కనపడాలి. ముప్ఫై ఏళ్లకు పైగా పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి లెక్కలో ఉన్నవి 34. మిగతా ఏళ్లన్నీ యజమానులు వారం వారం కవర్లో నోట్లు పెట్టి, పన్ను లెక్కల్లో చూపకుండా చేతికిచ్చారు. వాళ్లూ ఆయన దేశంవాళ్లే. ఊరుకాని ఊళ్లో పని ఇచ్చారన్న విశ్వాసంతో ఈయన నోరెత్తలేదు. ఆ విశ్వాసాన్ని వాళ్లు సొమ్ము చేసుకున్నారు.

ముందు మా పేటలో కాగితాలు నింపిపెట్టే ఒక ఏజెంటు దగ్గరికి వెళ్లాం. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కుర్చీ ఖాళీగా ఉన్నా పెద్దాయన్ని కూర్చోమనలేదు. స్టేట్‌మెంట్‌లో సంపాదన సున్నా అని ఉన్న ఏళ్ల మీద పెన్ను ఆనించి, ‘‘ఈ ఏళ్లన్నీ ఏం చేశావు? నిద్రపోయావా?’’ అని అందరి ముందూ అడిగాడు. పెద్దాయన ఏం మాట్లాడకుండా చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా నూనె చిందిన మచ్చలు, ఒకదాని మీద ఒకటి. ‘‘దీన్ని ఫారానికి అంటించమంటావా?’’ అన్నాడు ఏజెంటు. వెనక కూర్చున్నవాళ్లు నవ్వారు. ఇక చేసేదేమీ లేదని తేల్చేసి, ఆ మాట చెప్పినందుకే ఫీజు అడిగాడు. పెద్దాయన నోట్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. చెయ్యి వణికింది. కష్టం చేసిన మనిషిని నిలబెట్టి అవమానించే హక్కు ఎవడికీ లేదు.

పట్టుదలకొస్తే నేను వదిలే రకం కాదు. ఆ రాత్రే కూర్చుని నిబంధనలు చదివాను. అమెరికాకు, గ్రీసుకు మధ్య 1994 సెప్టెంబరు నుంచి సోషల్ సెక్యూరిటీ ఒప్పందం ఉంది. ఇక్కడ కనీసం 6 క్రెడిట్లు ఉంటే, తక్కువపడ్డవాటికి అక్కడ బీమా కట్టిన కాలాన్ని కలుపుతారు. పెన్షన్ మాత్రం ఇక్కడ చేసిన పని దామాషాలోనే వస్తుంది. పొద్దున్నే అడిగితే పెద్దాయన ట్రంకుపెట్టె అడుగు నుంచి పాత బీమా పుస్తకాలు తీశాడు. గ్రీసులో ఇకా అనే బీమా సంస్థ ఉండేది. పనిచేసిన రోజులకు స్టాంపులు ఇస్తే ఇలాంటి పుస్తకాల్లో అతికించుకునేవారు. జిగురు ఎండి కొన్ని అంచులు లేచిపోయాయి గానీ వరసలు వరసలుగా అన్నీ ఉన్నాయి. కుర్రతనంలో పనిచేసిన హోటల్ ఆయన్ని గట్టెక్కించింది.

ఎస్‌ఎస్‌ఏ-2490 ఫారం (ఈ ఒప్పందం కింద పెన్షన్ అడిగే దరఖాస్తు) నింపాం, నకళ్లు జతచేశాం, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో ఇచ్చాం. దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు. కాబట్టి ఏజెంట్ల గడప తొక్కకండి.

ఇక్కడ హోటళ్లలో చేసేవాళ్లు డబ్ల్యూ-2 (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్నుల పత్రం) లేని జీతానికి ఒప్పుకోకండి. టిప్పులు నెలకు 20 డాలర్లు వస్తే యజమానికి చెప్పి లెక్కలో రాయించండి. మీ సంపాదన రికార్డు ఏటా ఆన్‌లైన్‌లో చూసుకోండి. తప్పుంటే ఆ ఏడాది ముగిశాక 3 ఏళ్ల 3 నెలల 15 రోజుల్లోపు సరిచేయించుకోవాలి. ఆ తర్వాత కొన్ని మినహాయింపులకే ఒప్పుకుంటారు. ఇండియాకు అమెరికాతో ఇలాంటి ఒప్పందమే లేదు. హెచ్‌-1బీ మీద వచ్చి, సోషల్ సెక్యూరిటీకి జీతంలో 6.2 శాతం కట్టి, 40 క్రెడిట్లు నిండకుండా వెళ్లిపోయే మనవాళ్లకు కలుపుకోవడానికి రెండో దేశం లెక్క ఉండదు. ఇది పెద్ద అన్యాయం.

పెద్దాయనకు గ్రీసు వైపు నుంచి రావలసిన భాగం విడిగా తేలాలి. దాని కోసం అక్కడి నుంచి అడిగిన జననపత్రం నకలు ఈ వారం పంపిస్తున్నాం.