గిన్నె అడుగున రూపాయి బిళ్ళ

పొద్దున మా అమ్మాయి స్టీలు గిన్నెలో రూపాయి బిళ్ళ వేసి, అది అంచు చాటుకు పోయేదాకా నన్ను వెనక్కి జరగమంది. తర్వాత చెంబుతో నీళ్ళు పోసింది. బిళ్ళ మెల్లగా పైకి తేలొచ్చినట్టు కనిపించింది! "ఎందుకు నాన్నా?" అంది.

గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోయే వెలుగు నీళ్ళలో 2.25 లక్షలే పోతుంది. ఏటవాలుగా దాటితే ఒక పక్క వేగం ముందు మారుతుంది, అందుకే వంగుతుంది. రోడ్డు మీంచి ఇసుకలోకి దిగే ఎడ్లబండిలాగే: ముందు దిగిన చక్రం నెమ్మదిస్తే బండి అటు తిరుగుతుంది. తిన్నగా దిగితే తిరగదు. బిళ్ళ నుంచి వచ్చే వెలుగు కూడా నీళ్ళు దాటి గాలిలోకి వచ్చేచోట ఇలాగే వంగి, అంచు మీదుగా నా కంటికి చేరింది; అందుకే బిళ్ళ పైకి వచ్చినట్టు కనిపించింది.

చిన్నప్పుడు ఊరి కాలువలో లోతు తక్కువే అనుకుని దిగి మునగబోయాను. పైనుంచి చూస్తే నాలుగడుగుల నీళ్ళు మూడడుగుల్లా కనబడతాయని అప్పుడు తెలియదు. అది విని పిల్ల ఇంకో చెంబు పోసి, మళ్ళీ వంగి చూసింది.