ఒక్క పన్ను తేడా

మన ఐటీఐ షెడ్డులో స్టాండు మీద ఉండే మారుతి 800 ఇంజను అందరికీ గుర్తుండే ఉంటుంది. మూడు సిలిండర్లు, 796 సీసీ. మోటార్ మెకానిక్ రెండో ఏడాదిలో, 1999లో, దానికి టైమింగ్ బెల్ట్ మార్చే పని నా వంతుకు వచ్చింది. పిస్టన్లు తిప్పే క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపి తిప్పే పళ్ళ బెల్ట్ అది.

క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజను తిరిగే వైపుకే తిప్పుతూ కింద క్రాంక్ పుల్లీ గుర్తు, పైన క్యామ్ పుల్లీ గుర్తు వాటి వాటి గీతలకు తెచ్చాను. పాత బెల్ట్ తీశాను, కొత్తది ఎక్కించాను, బెల్ట్‌ను బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్ బిగించాను. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. కానీ ఒకటే వణుకు. యాక్సిలరేటర్ ఇస్తే లేవదు.

సార్ కోప్పడలేదు. "కవర్ విప్పరా" అన్నారు. ప్లగ్గులు తీయించి, పానాతో నెమ్మదిగా తిప్పించి, కింది గుర్తును గీతకు తెప్పించారు. "ఇప్పుడు పైది చూడు." నిలబడి చూస్తే నాకు సరిగ్గానే ఉంది. ఆయన నా మెడ మీద చెయ్యి వేసి వంచి, కన్ను పుల్లీకి సూటిగా వచ్చేదాకా దించారు. వేస్ట్ నూలుతో గుర్తు మీది జిడ్డు తుడిచారు. అప్పుడు తెలిసింది, గుర్తు గీత దగ్గర లేదు. సరిగ్గా ఒక పన్ను పక్కన ఉంది!

పాత బెల్ట్ తీయగానే వాల్వ్ స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ కాస్త కదిలింది. నేను పైనుంచి ఏటవాలుగా చూసి సరేననుకున్నాను. ఆ ఒక్క పన్నుతో వాల్వులు తెరుచుకోవాల్సిన వేళే మారిపోయింది.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుందని క్లాసులో రాసుకున్నదే. అది ఎందుకు పనికొస్తుందో ఆ రోజే అర్థమైంది. బెల్ట్ మళ్ళీ వేశాక సార్ క్రాంక్‌ను పూర్తిగా రెండు చుట్లు చేత్తో తిప్పించారు. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దన్నారు. కొన్ని ఇంజన్లలో టైమింగ్ తప్పితే వాల్వు వెళ్ళి పిస్టన్‌కు తగులుతుంది, వంగిపోతుంది. బెల్ట్ లూజంతా టెన్షనర్ వైపే ఉండాలి, అవతలి వైపు బిగుతుగా ఉండాలి. రెండు చుట్ల తర్వాత రెండు గుర్తులూ వాటి గీతల దగ్గరే నిలిచాయి. కవర్ మూసేముందు క్యామ్ పుల్లీ గుర్తు మీద నాతో తెల్ల పెయింట్ చుక్క పెట్టించారు.

ఇరవై ఏళ్ళకు పైగా షెడ్డు నడుపుతున్నాను. ఆ రెండు చుట్లు తిప్పకుండా ఇప్పటిదాకా ఒక్క బండికీ సెల్ఫ్ కొట్టలేదు. ఆ ఇంజను ఇంకా ఐటీఐలోనే ఉంటే, మన పాత విద్యార్థుల కలయిక రోజు దాని కవర్ ఒకసారి విప్పి చూడాలని ఉంది. ఆ చుక్క అలాగే ఉందేమో.