ఊర్లను కలపడానికి ముందు పనులను కలపాలి

మండల కేంద్రంగా ఉన్న మేజర్ పంచాయతీని నగర పంచాయతీగా మార్చాలని, అందుకు జనాభా చాలదు కాబట్టి చుట్టుపక్కల చిన్న పంచాయతీలను కూడా అందులో చేర్చాలని మా ప్రాంతంలో కొంతకాలంగా ఒక మాట నడుస్తోంది. అనంతపురం జిల్లాలో కల్యాణదుర్గం వైపున్న మా ఊరు ఆ చిన్న పంచాయతీల్లో ఒకటి. కాగితం మీదికి ఇంకా ఏదీ రాలేదు. అయినా కట్ట మీద కూర్చున్న నలుగురూ ఇదే మాట్లాడుకుంటున్నారు. ఇంటి పన్ను పెరుగుతుందని కొందరు, స్థలాలకు ధర వస్తుందని కొందరు, ఉపాధి పని పోతుందని ఆడవాళ్ళు అంటున్నారు. వీటన్నిటికంటె ముందు ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉందని నాకనిపిస్తోంది. చిన్న పంచాయతీకి లేనివి డబ్బు, ఉద్యోగులు. దానికి ఉన్నది, తెల్లవారి లేచి తలుపు తట్టగలిగేంత దగ్గరలో ఉండే ఎన్నికైన మనిషి. విలీనం వల్ల లేనివి వస్తాయన్న పూచీ ఎవరూ ఇవ్వడం లేదు. ఉన్నది పోవడం మాత్రం ఖాయం.

లెక్క వేసి చూద్దాం. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టం ప్రకారం వార్డు సభ్యుల సంఖ్య జనాభానుబట్టి 5 నుంచి 21 దాకా ఉంటుంది. 500 దాటి 1,500 లోపు జనాభా ఉంటే 9 మంది, 3,000 దాటి 5,000 లోపు ఉంటే 13 మంది. తలా 1,200 జనాభా ఉన్న మూడు పంచాయతీలకు విడివిడిగా ముగ్గురు సర్పంచులు, 27 మంది సభ్యులు ఉంటారు. ఆ మూడింటినీ కలిపి 3,600 మందికి ఒకే పంచాయతీ చేస్తే ఒక సర్పంచు, 13 మంది సభ్యులు మిగులుతారు. ముప్ఫై మంది ఉన్నచోట పద్నాలుగురు. సగం స్థానాలు మహిళలవి కాబట్టి, పదిహేను మంది ఆడవాళ్ళు కూర్చునే చోట ఏడుగురు కూర్చుంటారు. మూడు ఊర్లలో చిన్న ఊరికి, దాని మజరాకు, ఆ పక్క తండాకు సర్పంచు పదవి మళ్ళీ ఎప్పుడు అందుతుందో చెప్పలేము. ఇక నగర పంచాయతీ అయితే సర్పంచును ఊరంతా నేరుగా ఎన్నుకునే పద్ధతే ఉండదు. కౌన్సిలర్లు తమలో ఒకరిని చైర్మన్‌గా ఎన్నుకుంటారు. పంచాయతీ ఎన్నికలకు లేని పార్టీ గుర్తులు అక్కడ వార్డు స్థాయి నుంచే ఉంటాయి.

దగ్గరలో ఉండే మనిషి వల్ల ఏమి ప్రయోజనమో ఎండాకాలంలో మా ఊర్లో చూడాలి. ఒకసారి మంచినీళ్ళ బోరు మోటరు రాత్రి కాలిపోయింది. తెల్లారేసరికి ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు సర్పంచమ్మ ఇంటి ముందు నిలబడ్డారు. ఆమె అప్పటికప్పుడు ఫోన్ చేసి మోటరు ఎత్తే వాళ్ళను పిలిపించింది. బోరు మీద ముక్కాలి నిలిపి, చైన్ పుల్లీ వేసి, ఒక్కొక్క పైపూ పైకి లాగి, జాయింట్ దగ్గర రెంచీతో విప్పి వేపచెట్టు కింద వరుసగా పేర్చారు. చివరికి మోటరు బయటికి వచ్చినప్పుడు కేబులు చివర నల్లగా కరిగిపోయి ఉంది. దాన్ని ఆటోలో వేసుకొని కల్యాణదుర్గంలో వైండింగ్ షాపుకు తీసుకుపోయారు. మర్నాటి సాయంత్రానికి ట్యాంకులో నీళ్ళెక్కాయి. వైండింగ్ ఖర్చు, కూలీలు, ఆటో బాడుగ ఆమే పెట్టుకుంది, బిల్లు చాలా నెలలకు గానీ రాలేదు. ఒక సర్పంచు తన చేతి డబ్బు పెట్టి ఊరికి నీళ్ళు ఇవ్వవలసి రావడం న్యాయం కాదు, ఆ పద్ధతి మారి తీరాలి. కానీ ఆ ఉదయం అడగడానికి ఒక గుమ్మం ఉంది. పది కిలోమీటర్ల అవతల ఆఫీసులో ఇండెంటు రాసి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) సంతకం కోసం ఎదురుచూసే ఏర్పాటులో మా ఊరి ఆడవాళ్ళు ఎవరి ముందు నిలబడతారో విలీనం కోరేవాళ్ళు చెప్పాలి.

డబ్బు లేదన్న మాట మాత్రం ముమ్మాటికీ నిజం. చిన్న పంచాయతీకి ఇంటి పన్ను, కుళాయి రుసుము తప్ప సొంత రాబడి ఏమంత ఉండదు. కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులే ఆధారం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్న షరతు ఉండింది. మిగిలినదాంట్లోనే అన్నీ సర్దుకోవలసి వచ్చింది. వీధి దీపాలకు, బోరు మోటర్లకు అయ్యే కరెంటు బిల్లుల బాకీ ఏ సర్పంచును కదిలించినా మొదట చెప్పే బాధ.

ఉద్యోగుల సంగతిలో మనం ఇప్పటికే సగం విలీనం చేసి చూశాము. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు రాష్ట్రమంతటా 15,004 ఏర్పాటయ్యాయి. పల్లెల్లో సుమారు 2,000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టారు కాబట్టి, అంతకంటె చిన్న పంచాయతీలు రెండో మూడో కలిసి ఒకే సచివాలయం కిందికి వచ్చాయి. సర్వేయరు, ఇంజినీరింగ్ అసిస్టెంటు, వ్యవసాయ సహాయకుడు, డిజిటల్ అసిస్టెంటు అందరికీ ఉమ్మడి. పాలకవర్గాలు మాత్రం ఎవరివి వారివే. ఈ ఏర్పాటు మీద ఎన్నో ఫిర్యాదులున్నాయి, ముఖ్యంగా సిబ్బంది సర్పంచు మాట వినవలసిన అవసరం లేకుండా పోయిందన్నది. అయినా ఇది ఒక సంగతిని రుజువు చేసింది: ఉద్యోగులను పంచుకోవడానికి పంచాయతీలను రద్దు చేయనక్కరలేదు.

మన ప్రాంతం ఇదివరకు నడిచిన దారి కూడా గుర్తు చేసుకోవాలి. తాలూకా బోర్డులను మద్రాసు ప్రభుత్వం 1934లో రద్దు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక పంచాయతీ సమితులు వచ్చాయి. ఎన్టీఆర్ ప్రభుత్వం 1980ల మధ్యలో తాలూకాలను, సమితులను తీసివేసి 1,104 మండలాలు ఏర్పాటు చేసింది. ఒక కాగితం కోసం తాలూకా కచేరీకి పోయి, పని కాక, రాత్రి బస్టాండులో పడుకుని వచ్చిన ముసలివాళ్ళు మా ఊర్లో ఇంకా ఉన్నారు. మండలం వచ్చాక మధ్యాహ్నానికి ఇల్లు చేరగలిగామని వాళ్ళు చెబుతారు. తెలంగాణ 2018లో తండాలను విడి పంచాయతీలుగా చేసింది. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలోనే 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా దగ్గరికి రావాలని అడిగి సాధించుకున్న మనం, పంచాయతీ దూరం పోతుంటే ఊరుకోవడం నాకు అర్థం కావడం లేదు.

చిన్న స్థానిక సంస్థలను కలిపిన దేశాల అనుభవం చదివినప్పుడు నాకు అన్నిటికంటె ఎక్కువ నేర్పింది జపాను. అక్కడ విలీనాలు మూడు విడతలుగా జరిగాయి. మొదట 71 వేలకు పైగా ఉన్న ఊర్లు 1889లో సుమారు 16 వేలకు తగ్గాయి. ప్రాథమిక పాఠశాల నడపగలిగేంత ఊరు ఉండాలన్నది అప్పటి ఉద్దేశం. 1953లో 9,868గా ఉన్న నగరాలు, పట్టణాలు, గ్రామాలు 1961 నాటికి 3,472 అయ్యాయి. ఆ విడతకు కొలబద్ద కనీసం 8,000 జనాభా, అంటే ఒక మాధ్యమిక పాఠశాలను నిలబెట్టగలిగేంత. ఈ రెండు విడతల్లోనూ ఊరు పెద్దది కావడానికి ఒక పని కారణమైంది, ఆ పనిని నెరవేర్చే బాధ్యత కూడా ఊరికే అప్పగించారు. 1999లో మొదలైన మూడో విడత అలాంటిది కాదు. పల్లెలు ముసలివైపోయాయి, ప్రభుత్వానికి అప్పులు పెరిగాయి. విలీనమయ్యే ఊర్లు ప్రత్యేక బాండ్ల మీద అప్పు తెచ్చుకోవచ్చని, దాన్ని తీర్చడంలో 70 శాతం కేంద్రమే భరిస్తుందని ఆశ చూపి, 3,232 సంస్థలను 2010 మార్చి నాటికి సుమారు 1,730కి తెచ్చారు.

తకయామా అనే కొండ ప్రాంతపు నగరం 2005లో చుట్టూ ఉన్న తొమ్మిది ఊర్లను కలుపుకొని 2,177 చదరపు కిలోమీటర్ల నగరమైంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒక మండలం సగటున మూడు వందల చదరపు కిలోమీటర్లు. అంటే లక్ష మంది కూడా లేని ఆ ఒక్క నగరపాలన మన ఏడు మండలాలంత మేర పరుచుకుని ఉంది. కొండ అవతలి పల్లెవాడికి తన నగర కార్యాలయం ఎంత దూరమో ఊహించవచ్చు. ఫుకుషిమా ప్రాంతంలోని యమత్సురి అనే చిన్న పట్టణం మాత్రం తాము విలీనం కాబోమని 2001లోనే ప్రకటించింది. ఊరికే ప్రకటించి కూర్చోలేదు. తన ఖర్చులు తగ్గించుకుని, కార్యాలయాన్ని ఏడాది పొడుగునా సెలవు లేకుండా తెరిచి ఉంచింది. మా ఊరిని కాపాడుకోవాలనుకునే మేము ఈ రెండో సగాన్ని కూడా తలకెత్తుకోవాలి.

డెన్మార్క్ 2007 జనవరి 1న 271 మున్సిపాలిటీలను 98 చేసింది. 20,000 జనాభా కనీసంగా పెట్టుకున్నా, లేసో, సామ్సో వంటి చిన్న ద్వీపాలు పొరుగు మున్సిపాలిటీతో పనుల ఒప్పందం చేసుకుని విడిగా నిలవడానికి ఒప్పుకుంది. పైగా, కలిపిన రోజే పాత జిల్లా సంస్థల పనులు కొన్ని మున్సిపాలిటీలకు బదిలీ చేసింది. ఇంత పద్ధతిగా చేసినా, అక్కడి పరిశోధకులు లెక్కలు తీసినప్పుడు ఆఫీసు ఖర్చు కొంత తగ్గింది గానీ, ఒకచోట ఆదా అయినది మరోచోట ఖర్చై, మొత్తం మీద మిగులు కనబడలేదు. స్థానిక వ్యవహారాలు తమకు అర్థమవుతాయని, తమ మాట చెల్లుతుందని అనుకునే జనం కూడా తగ్గారని తేలింది. నార్వే 2020లో 428 మున్సిపాలిటీలను 356 చేసింది. ఆలెసుండ్‌లో కలిసిన హారమ్ మాత్రం తిరిగి 2024లో విడిపోయింది.

విలీనం వైపు బలమైన సాక్ష్యం విదేశాల్లో కంటె కేరళలో ఉంది. అక్కడ 941 గ్రామ పంచాయతీలే ఉన్నాయి, ఒక్కొక్కదాంట్లో వేల సంఖ్యలో కుటుంబాలు. అవి మన పంచాయతీలకంటె బాగా పనిచేస్తున్నాయని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. కానీ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు అక్కడ ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థల చేతిలో పెట్టారు, వైద్యశాలలను, వ్యవసాయ అధికారులను వాటి కిందికి తెచ్చారు. ఊర్లు అక్కడ ఎడతెగకుండా ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మా వైపు రెండు ఊర్ల మధ్య కిలోమీటర్ల తరబడి శెనక్కాయ చేన్లు ఉంటాయి.

అనంతపురం నగరాన్ని ఆనుకుని ఉన్న పంచాయతీల సంగతి వేరని కూడా చెప్పాలి. 2011 జనాభా లెక్కల నాటికి నగరం హద్దుల్లో సుమారు 2.6 లక్షల మంది ఉంటే, ఆనుకున్న ప్రాంతాలతో కలిపి 3.4 లక్షలు. అక్కడ వీధి ఎక్కడ నగరమో ఎక్కడ పంచాయతీయో నడిచేవాడికి తెలియదు. చెత్త ఎవరు ఎత్తాలన్న తగువులో చెత్త అక్కడే ఉండిపోతుంది. అలాంటిచోట కలపడమే మేలు. రాజ్యాంగం 243క్యూ అధికరణం నగర పంచాయతీ అంటే పల్లె నుంచి పట్టణంగా మారుతున్న ప్రాంతమని చెప్పి, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం చూడమంది. పదిమందిలో ఎనిమిది మంది చేలో పనిచేసే మా ఊరు పట్టణంగా మారుతోందని ఎవరనగలరు?

ఆడవాళ్ళ భయాన్ని కూడా తేలికగా తీసుకోకూడదు. జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పని పల్లెలకు మాత్రమే. నగర పంచాయతీ అయిన ఊర్లో అది ఉండదు. వాన రాని ఏడు బెంగళూరుకు మూట కట్టకుండా ఎన్ని కుటుంబాలు ఆ కూలీతో నిలబడ్డాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

మరి చిన్న పంచాయతీలు ఇలాగే ఉండిపోవాలా? కూడదు. కలపవలసినవి పనులు. దానికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళు తెచ్చింది. పైపులైను ఊర్ల హద్దులు చూడకుండా పోయింది. దాని కోసం ఒక్క పంచాయతీని కూడా రద్దు చేయలేదు. అలాగే ఐదారు పంచాయతీలు కలిసి ఒక చెత్త బండి, ఒక డ్రైవరు, అదనంగా ఒక మోటరు, ఒక ఎలక్ట్రీషియను పెట్టుకోవచ్చు. అందులో ఎవరి వాటా ఎంతో, బండి ఏ రోజు ఏ ఊరికి వస్తుందో రాసుకుంటే చాలు.

వచ్చే గ్రామసభలో మా ఊరి తరఫున ఈ తీర్మానం పెట్టమని సర్పంచమ్మను, వార్డు సభ్యులను అడుగుతున్నాను: విలీనం ప్రతిపాదన వస్తే ముందుగా గ్రామసభ ముందు ఉంచాలి, నీళ్ళకు, దీపాలకు, పారిశుధ్యానికి విలీనం తర్వాత ఎవరు జవాబుదారీయో, ఆ మనిషి ఏ ఊర్లో కూర్చుంటాడో అందులో రాసి చూపాలి, ఇంటి పన్ను ఇప్పుడెంత, కలిశాక ఎంత అన్నది ఇంటింటికీ తెలపాలి, చెత్త బండి, ఎలక్ట్రీషియను విషయంలో పక్క పంచాయతీలతో మాట్లాడే అధికారం సర్పంచుకు ఇవ్వాలి. చివరి అంశానికి విలీనంతో పని లేదు కాబట్టి, దాన్ని ఎండలు ముదరకముందే మొదలుపెట్టవచ్చు. మా మండలంలోని మిగతా చిన్న పంచాయతీల వాళ్ళు ఇదే తీర్మానాన్ని తమ సభలో పెట్టదలచుకుంటే, పూర్తి పాఠం రాసి పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.