విశాఖలో ఇంపోర్టెడ్ బైకు అమ్మాలంటే: ముందు కాగితాలు, తర్వాత తుప్పు

పాత హయబూసా, ఆర్‌వన్, ఎంటీ-01, డుకాటీ లాంటి బండి అమ్మకానికి పెట్టగానే ఫోన్లు బాగానే మోగుతాయి. చూసి ఫొటో దిగి వెళ్లేవాళ్లే ఎక్కువ. నిజంగా డబ్బు పెట్టే మనిషి మాత్రం మైలేజీ అడగడు, రంగు అడగడు. "బిల్ ఆఫ్ ఎంట్రీ కాపీ ఉందాండీ?" అంటాడు, అంటే దిగుమతి అప్పుడు కస్టమ్స్‌లో దాఖలు చేసిన కాగితం. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధంగా లేకపోతే బండి ఎంత మెరిసినా బేరం అక్కడే ఆగిపోతుంది. కాబట్టి పాలిష్ డబ్బా తెరిచే ముందు ఫైలు తెరవండి.

ఇంపోర్టు బండ్లన్నీ ఒకే దారిలో రాలేదు. కంపెనీయే పూర్తిగా తయారైన బండిని తెప్పించి షోరూములో అమ్మినవి కొన్ని. 2007 డిసెంబరులో యమహా ఆర్‌వన్, ఎంటీ-01లను మన దేశంలోకి తెచ్చింది ఇలాగే. వీటికి డీలర్ ఇన్‌వాయిస్, ఫారం 21 అనే సేల్ సర్టిఫికెట్, బండి రోడ్డుకు తగినదని కంపెనీ ఇచ్చే ఫారం 22 ఉంటాయి. వీటితో తలనొప్పి తక్కువ. విదేశాల్లో ఉండి తిరిగొచ్చినవాళ్లు సామాన్లతోపాటు తెచ్చుకున్నవి ఇంకొన్ని. వీటి మీద రెండేళ్లదాకా అమ్మకూడదన్న షరతు ఉంటుంది, ఆ గడువు దాటిందో లేదో కాగితం మీద చూపించగలగాలి. ఇక ట్రేడర్ల ద్వారా వచ్చినవి. గొడవలన్నీ ఇక్కడే. వాడిన బండిని దిగుమతి చేయాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదన్నది నియమం. దాన్ని తప్పించుకోవడానికి విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించినవి, ఒక బండి ఆర్సీ మీద తిరిగే ఇంకో బండి, ఇవన్నీ మార్కెట్లో ఉన్నాయి. డ్యూటీ ఎగ్గొట్టి వచ్చిన బండి ఎన్ని చేతులు మారినా కస్టమ్స్ వాళ్లు స్వాధీనం చేసుకోవచ్చు. మీ బండి ఈ కోవలోదని అనుమానం ఉంటే అమ్మడం కాదు, ముందు కస్టమ్స్ వ్యవహారాలు తెలిసిన లాయరును కలవండి. తెలిసి తెలిసి ఇంకొకరి నెత్తిన పెట్టడం మోసమే.

బిల్ ఆఫ్ ఎంట్రీలో చూడాల్సినవి నాలుగు: నంబరు, తేదీ, ఏ పోర్టు, అందులో రాసిన ఛాసిస్ నంబరు. మొదటి మూడూ ఉంటే కస్టమ్స్ వారి ఐస్‌గేట్ సైట్లో ఎవరైనా స్టేటస్ చూసుకోవచ్చు. మీరే ముందు చూసి ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. కొనేవాడికి సగం భయం అక్కడే తీరుతుంది.

తర్వాత ఛాసిస్ నంబరు. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పితే చాలా బండ్లలో స్టీరింగ్ హెడ్ కుడి పక్కన 17 అక్షరాల నంబరు చెక్కి కనబడుతుంది. మొదటి అక్షరం 'జె' అయితే జపాన్, 'జెడ్' అయితే ఇటలీ, 'డబ్ల్యూ' అయితే జర్మనీ. మొదటి మూడక్షరాలు కంపెనీ గుర్తు: సుజుకీ బైకుకు జేఎస్1, యమహాకు జేవైఏ, డుకాటీకి జెడ్‌డీఎం. ఇండియా ఫ్యాక్టరీ నంబర్లు 'ఎం'తో మొదలవుతాయి. హయబూసాను 2016లో విడిభాగాల కిట్‌గా తెచ్చి మానేసర్‌లో బిగించడం మొదలుపెట్టారు కాబట్టి "పూర్తి ఇంపోర్టు" అని ప్రకటనలో రాసే ముందు సంవత్సరం చూసుకోండి. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ప్రింటు తీయండి. ఇంజిను నంబరుకూ అంతే. ఈ రెండూ ఆర్సీతో, బిల్ ఆఫ్ ఎంట్రీతో, ఇన్సూరెన్సుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. సున్నాకు బదులు 'ఓ' అని ఎక్కడో టైపు కొట్టి ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ రోజున అదే అడ్డం పడుతుంది. అలాంటిది ఉంటే కొనేవాడు దొరకకముందే సరిచేయించుకోండి.

రిజిస్ట్రేషను గడువు చాలామంది మరిచిపోయే సంగతి. ప్రైవేటు బండికి మొదటి ఆర్సీ 15 ఏళ్లే. 2008లో ఏపీ 31 సిరీస్‌లో ఎక్కిన బండి గడువు 2023లోనే అయిపోయింది. ఫారం 25తో రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్సు కట్టి, బండిని ఇన్‌స్పెక్టరుకు చూపించి, ఆ తర్వాతే అమ్మకానికి పెట్టండి. "మీరే చేయించుకోండి" అని కొనేవాడి మీద వదిలేస్తే ఆ పని ఖర్చు కన్నా ఎన్నో రెట్లు ధరలో కోస్తాడు. లోను తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉందేమో కూడా చూడండి. ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 పెట్టి తీయించాలి. చలానాలు, పొల్యూషన్, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు, వాహన్‌లో (బండ్ల రిజిస్ట్రేషన్ల ప్రభుత్వ సైటు) మీ ఫోన్ నంబరు ఒక్క పూటలో తేలే పనులు.

ఇప్పుడు తుప్పు.

లాసన్స్ బే, పెదవాల్తేరు, సాగర్ నగర్ వైపు ఉన్న బండికి ఉప్పు గాలి తప్పదు. వన్‌టౌన్, మల్కాపురం వైపైతే ఉప్పుతోపాటు పోర్టు నల్ల దుమ్ము కూడా పట్టి తేమను అక్కడే పట్టి ఉంచుతుంది. హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవాడికి "వైజాగ్ బండి" అనగానే ఇదే గుర్తొస్తుంది. అతను టార్చి తెచ్చుకుని ఎక్కడ చూస్తాడో మీరు ముందే అక్కడ చూడాలి.

మొదట ఫ్రంట్ ఫోర్కు గొట్టాలు. పైకి నిగనిగలాడుతున్నా సన్న గుంటలు పడి ఉంటాయి. దూదిని గొట్టం మీద పైనుంచి కిందకు లాగండి, పోగులు ఎక్కడ తగులుకుంటాయో అక్కడ గుంట ఉన్నట్టు. ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్ తిరిగే మేర దాటి పైన ఉంటే బాధ లేదు. సీల్ నడిచే చోట ఉంటే మాత్రం అది సీల్ పెదవిని కోసేస్తుంది, కొత్త సీల్ వేసినా మళ్లీ ఆయిల్ కారుతుంది. 2000 నంబరు ఎమరీ కాగితంతో తేలిగ్గా రుద్దితే పొడుచుకొచ్చిన అంచు పోతుంది, గుంట పోదు. గొట్టం మార్చాలి, లేదా హార్డ్ క్రోమ్ చేయించాలి. సీల్ ఒక్కటే మార్చి "ఫోర్కు బాగు చేయించాం" అని చెప్పకండి, వెయ్యి కిలోమీటర్లలో బయటపడుతుంది.

అల్యూమినియంలో స్టీలు బోల్టు ఉన్న ప్రతిచోటా ఉప్పు తేమ పని చేస్తుంది. రెండు లోహాల మధ్య అది చిన్న బ్యాటరీలా మారి అల్యూమినియాన్ని తినేస్తుంది. తెల్ల పొడి కనబడితే అదే. ఫెయిరింగు బోల్టులు, క్యాలిపర్ బోల్టులు, సైలెన్సర్ స్టడ్లు అమ్మకానికి నెల ముందే ఒక్కొక్కటీ విప్పి, శుభ్రం చేసి, యాంటీ సీజ్ (బోల్టు పట్టేయకుండా రాసే పేస్టు) పల్చగా రాసి మళ్లీ బిగించండి. పట్టేసిన బోల్టును బలంగా తిప్పితే తల తెగుతుంది. ముందు రోజు రాత్రి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి, తెల్లారి కాస్త వేడి చేసి తిప్పండి. బోల్టుకు రాసేది ఏదైనా బ్రేక్ డిస్కు మీద, ప్యాడ్ల మీద పడనివ్వకండి.

వైరింగులో అన్నిటికన్నా ముఖ్యం స్టేటర్ (ఇంజినులో కరెంటు పుట్టించే భాగం) నుంచి రెగ్యులేటర్‌కు (ఆ వోల్టేజీని అదుపు చేసేది) వెళ్లే మూడు వైర్ల కనెక్టరు. కొన్ని జపాన్ బండ్లలో అవి మూడూ పసుపే. తేమకు రాగి చిలుము పడుతుంది, చిలుముతో కరెంటుకు అడ్డు పెరుగుతుంది, ఆ అడ్డుకు వేడెక్కి ప్లాస్టిక్ నల్లబడి కరుగుతుంది. చివరికి రెగ్యులేటరో, స్టేటరో పోతుంది, దారిలో బండి ఆగుతుంది. కనెక్టరు విప్పి చూడండి, నల్లగా ఉంటే అతుకు పెట్టకుండా కొత్త కనెక్టరే వేయించండి. తర్వాత మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గర చూడాలి: రాత్రంతా ఆగి ఉన్న బండికి 12.6 వోల్టుల పైన, ఇంజిను 5000 ఆర్‌పీఎం మీద 13.8 నుంచి 14.5 మధ్య. 15 దాటితే రెగ్యులేటర్ పోయినట్టే. ఆ అంకెలు కనబడేలా చిన్న వీడియో తీసి ఉంచండి, పది ఫొటోల కన్నా అది బాగా నమ్మిస్తుంది.

పెట్రోలు కూడా ఇప్పుడు చూసుకోవాల్సిన విషయమే. బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది. పాత ఇంపోర్టు బండ్ల రబ్బరు గొట్టాలు, ఓ-రింగులు దానికోసం చేసినవి కావు. ఇథనాల్ గాల్లో తేమను పీలుస్తుంది. నెలలు కదలని బండిలో ఆ నీరు విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. మూత తీసి టార్చి వేస్తే స్టీలు ట్యాంకు అడుగున ఎర్ర తుప్పు కనిపించేది అందుకే. పాత పెట్రోలు పూర్తిగా తీసేసి కొత్తది పోయండి, ఫ్యూయల్ గొట్టం మెత్తబడి ఉంటే మార్చండి. బ్రేకు ఫ్లూయిడ్ కూడా తేమ తాగేదే, రెండేళ్లు దాటితే మార్చి బిల్లు పెట్టుకోండి.

టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి ఉంటుంది. కొత్తవి వేయడమా, ధరలో తగ్గించడమా అంటే తగ్గించడమే మేలు. కొనేవాడికి తన ఇష్టం బ్రాండు ఉంటుంది. వాల్వ్ క్లియరెన్స్ మాత్రం గడువు దాటి ఉంటే మీరే చేయించండి. పాత డుకాటీలకు రెండేళ్లకోసారి టైమింగ్ బెల్టులు మార్చాలి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజినే పోతుంది. మారిన తేదీతో బిల్లు లేకపోతే డుకాటీ తెలిసినవాడు బెల్టులు మార్చలేదనే లెక్క వేస్తాడు.

తాళాల సంగతి విడిగా చెప్పాలి. ఇమ్మొబిలైజర్ (తన తాళం కాకపోతే ఇంజినును స్టార్టు కానివ్వని ఏర్పాటు) ఉన్న యమహాలకు రెండు నల్ల తాళాలతోపాటు ఒక ఎర్ర తాళం వస్తుంది. కొత్త తాళాన్ని బండికి పరిచయం చేసేది ఆ ఎర్రదే. అది పోయినా ఉన్న నల్ల తాళాలు పనిచేస్తాయి, కానీ కొత్త తాళం చేయించాలంటే ఇమ్మొబిలైజర్ వ్యవస్థ మొత్తం మార్చాలి. పాత డుకాటీలకు తాళంతోపాటు కోడ్ కార్డు ఉంటుంది. ఇవి ఇంట్లో ఏ బీరువాలో ఉన్నాయో ఇప్పుడే వెతకండి. దొరక్కపోతే ప్రకటనలోనే చెప్పేయండి.

సైలెన్సరు మార్చి ఉంటే కంపెనీది మళ్లీ బిగించి అమ్మండి, మార్చినది విడిగా అమ్ముకోండి. మోడిఫైడ్ సైలెన్సర్లను విశాఖ పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే. ఇలాంటి బండ్లలో ఒరిజినల్ అద్దాలు, టూల్‌కిట్, ఓనర్స్ మాన్యువల్, ఇండికేటర్లు ఉండటమే విలువ. మీరు పెట్టిన మార్పుల ఖర్చు ధరలోకి రాదు.

ధర గురించి. ఎంతకు కొన్నామన్నది పక్కన పెట్టండి. 2025 బడ్జెట్‌లో పూర్తిగా తయారై వచ్చే బైకుల కస్టమ్స్ డ్యూటీ 1600 సీసీ వరకు 50 నుంచి 40 శాతానికి, అంతకు మించితే 30 శాతానికి తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బైకుల మీద జీఎస్టీ 40 శాతమైంది. కొత్త బండి షోరూము ధర మారినప్పుడల్లా మీ పాత బండి పైపరిమితి కూడా కదులుతుంది. ఊళ్లో కొనేవాళ్లు తక్కువ కాబట్టి బయటి రాష్ట్రం బేరాలే ఎక్కువ వస్తాయి. హైదరాబాద్ అయినా ఇప్పుడు వేరే రాష్ట్రమే. అతను ఇక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ తీసుకెళ్లి అక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ కట్టాల్సి రావచ్చు. ఆ మొత్తం ఎంతో ముందే తెలుసుకుని కూర్చుంటే, "ట్యాక్సు చాలా అవుతుంది సార్" అని లక్షలు తగ్గించమన్నప్పుడు తడబడరు. అడ్వాన్సు చేతికి రాకుండా ఆ ఎన్ఓసీకి దరఖాస్తు అయిన ఫారం 28 పెట్టకండి. ఎన్ఓసీ వచ్చాక ఆ బేరం చెడితే, ఇక్కడే ఇంకొకరికి అమ్మడానికి దాన్ని రద్దు చేయించుకునే పని అదనం.

చూడటానికి వచ్చేరోజు ఇంజిను ముందుగా వేడి చేసి పెట్టకండి. తెలిసినవాడు వచ్చీ రాగానే ఇంజిను మీద చెయ్యి వేస్తాడు, వెచ్చగా ఉంటే అనుమానిస్తాడు. ముందు రోజు ప్రెషర్ వాషింగు కూడా వద్దు, నీళ్లు కనెక్టర్లలోకి, వీల్ బేరింగుల్లోకి దూరతాయి. టెస్ట్ రైడ్ లైసెన్సు చూశాకే ఇవ్వండి. అది కూడా బీచ్ రోడ్డు రద్దీలో కాదు, తెల్లవారుజామున రుషికొండ దాటాక భీమిలి వైపు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మాత్రమే ఉంటే మీ బండికి తగిలిన దెబ్బకు పైసా రాదు. అందుకే బండి పడితే ఖర్చు ఎవరిదో రాసుకుని, తగినంత మొత్తం ముందే ఖాతాలో వేయించుకోండి. ఇది అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే. రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, తీసుకున్న మొత్తమంతా పెనాల్టీగా పడవచ్చు. ఆర్టీజీఎస్ మొదలయ్యేదే రెండు లక్షల నుంచి. మెసేజీ, స్క్రీన్‌షాట్ నమ్మకండి, ఖాతాలో బ్యాలెన్సు చూడండి. నేవీలో పనిచేస్తున్నామనో, ఆర్మీ అనో చెప్పి బండి చూడకుండానే అడ్వాన్సు వేస్తామని క్యూఆర్ కోడ్ పంపేవాళ్లు దొంగలే. డబ్బు తీసుకోవడానికి మీరు పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు.

బండి లారీలో వెళ్తుంటే పట్టీలు హ్యాండిల్‌కు కట్టనివ్వకండి. కింది ట్రిపుల్ క్లాంపుకు (ఫోర్కు గొట్టాలను పట్టి ఉంచే బ్రాకెట్) మెత్తని లూపులు వేసి కట్టాలి. ఫోర్కు సగం దాకా దిగితే చాలు. అడుగంటా బిగిస్తే ఊరు చేరేసరికి సీళ్లు పోతాయి. బ్యాటరీ నెగటివ్ విప్పి, పెట్రోలు తీసేసి, ట్రాన్సిట్ ఇన్సూరెన్సు రాయించి, మీటరు రీడింగుతో సహా నాలుగు వైపులా ఫొటోలు తీయండి.

పేరు మార్పిడి కాగితాలైన ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకం పెట్టి ఎవరికీ ఇవ్వకండి, బ్రోకరు ఎంత తెలిసినవాడైనా సరే. కొనేవాడి పేరు, తేదీ నింపాకే సంతకం. డెలివరీ నోటులో తేదీతోపాటు గంట కూడా రాయండి. ఆ గంట తర్వాతి చలానా ఎవరిదో దాంతోనే తేలుతుంది. అమ్మినట్టు రాష్ట్రంలోపల అయితే 14 రోజుల్లో, వేరే రాష్ట్రమైతే 45 రోజుల్లో తెలియజేయాలి. రిజిస్టరులో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్న ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అందుకే ధరలో కొంత మొత్తాన్ని మీరే "ట్రాన్స్‌ఫర్ డిపాజిట్"గా పట్టి ఉంచుకుని, పేరు మారాక తిరిగి ఇచ్చేలా రాసుకోవడం మంచి పద్ధతి. వారానికోసారి వాహన్‌లో నంబరు కొట్టి చూస్తూ ఉండండి. కొత్త పేరు కనబడ్డ రోజు స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టండి, ఆ రోజే డిపాజిట్ తిరిగి పంపేయండి. పాత పాలసీ మీదున్న నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో పోదు, అది మీదే. సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే తర్వాతి బండికి పనికొస్తుంది.