మ్యాడీ మళ్లీ మద్దిలేటి అయినాడు

కర్నూలు బజార్లో మద్దిలేటీ అని కేకేస్తే నలుగురైనా వెనక్కి తిరుగుతారు. బేతంచెర్ల దగ్గరుండే మద్దిలేటి నరసింహస్వామికి మొక్కుకొని ఆ పేరు పెట్టుకోవడం మా దిక్కు మామూలే. నాకూ అట్లానే పెట్టారు. ఇంజినీరింగులో చేరినాక అది మోటుగా తోచి ఫేస్‌బుక్‌లో ‘మ్యాడీ’ అయ్యాను. మెయిల్ ఐడీలో పక్కన 007 కూడా తగిలించాను. ఎందుకంటే ఏం చెప్పను, వయసు!

పోయిన నెల హైదరాబాదు నుంచి మా పెదనాన్న కొడుకు ఫోన్ చేశాడు. "ఒరే, నీ రెజ్యూమె మా మేనేజర్‌కిచ్చినా. ఆమె నీ పేరు గూగుల్లో కొట్టి చూస్తే ట్రాక్టర్ పక్కన మీసాలాయన ఎవరో వచ్చినాడంట. నువ్వు యాడున్నావురా?"

నేను లేను, మ్యాడీ ఉన్నాడు. లాగౌట్ అయి, బయటివాడిలా వాణ్ని చూశాను. కొండారెడ్డి బురుజు ముందు కాలర్ ఎగరేసిన ఫొటో. దాని కింద, సినిమా విడుదలైనప్పుడల్లా అవతలి హీరో అభిమానులతో పడిన రచ్చ. ఒక బూతు కామెంట్ రాత్రి 1:40కి పెట్టినది. తెల్లారితే సెమిస్టర్ పరీక్ష.

మన పాత పోస్టులన్నీ ఒకేసారి స్నేహితులకే కనబడేలా మార్చే సెట్టింగు ఫేస్‌బుక్‌లో ఉంది. నిమిషం పని. చిక్కంతా కామెంట్లతోనే. వేరేవాళ్ల పోస్టుల కింద మనం రాసినవి దానికి లొంగవు. మనం చేసినవన్నీ వరసగా చూపించే యాక్టివిటీ లాగ్ తెరిచి ఏరి తీసేయాల్సిందే. నాకు రెండు రాత్రులు పట్టింది. కొన్నిటికి నవ్వొచ్చింది. ఒకటి చదివి, ఫోన్ బోర్లా పెట్టి కాసేపు ఊరకే కూర్చున్నా. తీసేసినవి కూడా గూగుల్లో కొన్నాళ్లు కనబడొచ్చు కాబట్టి, ఈ పనేదో అప్లికేషన్లు పెట్టకముందే చేసుకోండి.

తర్వాత, ఉద్యోగాల కోసం వాడే సైటు లింక్‌డిన్‌లో టెన్త్ సర్టిఫికెట్టులో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా పెట్టాను. ఇంటిపేరు కలిపితేనే మీసాలాయన నుంచి నేను వేరుపడతాను. నా ప్రొఫైల్ లింకు చివర వాళ్లిచ్చిన అంకెల తోక కూడా కత్తిరించాను. ఫొటో మొదట మా అక్క పెళ్లిదే పెడదామనుకున్నా. ఎంత కత్తిరించినా భుజం మీద మామ చెయ్యి పోలేదు. చివరికి మేడ మీద, తెల్లగోడ ముందు చెల్లెలు తీసింది.

ఉద్యోగం చూస్తున్నానని చెప్పే ఆకుపచ్చ రింగు మాత్రం ఫొటో చుట్టూ పెట్టుకోలేదు. ఇప్పుడు పనిచేసే చోట మా సార్ కూడా లింక్‌డిన్‌లోనే ఉంటాడు మరి. రిక్రూటర్లకు మాత్రమే కనబడే ఆప్షన్ ఉంది, అది పెట్టాను. అదీ నూటికి నూరుపాళ్లు గుట్టుగా ఉంటుందని వాళ్లు కూడా హామీ ఇవ్వరు.

మొన్న ఇంకో కంపెనీ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, పని సంగతులన్నీ అయ్యాక అడిగింది, "మద్దిలేటి అంటే ఏంటండీ?" అని. గుడి గురించి చెబుతూ పోయాను. పక్కన బియ్యం ఏరుతున్న అమ్మ, ఫోన్ పెట్టేదాకా ఆగి, "మొక్కు ఇంకా తీర్చలేదని కూడా చెప్పాల్సింది" అంది.