దైవం ఐదవది: మందపల్లి క్షేత్రం, ఒక గీతాశ్లోకం

శని త్రయోదశి నాడు కోనసీమలోని మందపల్లిలో మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించుకోవడానికి తెల్లవారుజాము నుంచే జనం బారులు తీరుతారు. చేతిలో నువ్వుల నూనె సీసా, నోట గోత్రనామాలు, మనసులో ఏలినాటి శని భయం. స్వామి దగ్గరకు చేరేసరికి కాళ్ల కింద నేల జిడ్డుగా జారుతూ ఉంటుంది. ఉద్యోగం నిలవనివారు, సంబంధాలు కుదరనివారు, అప్పుల్లో కూరుకుపోయినవారు, అందరినీ అక్కడికి రప్పించే ప్రశ్న ఒక్కటే: మన బతుకు గ్రహాల చేతిలో ఉందా, మన చేతిలో ఉందా?

సగం సమాధానం ఆ క్షేత్రం స్థలపురాణంలోనే దొరుకుతుంది. అశ్వత్థుడు, పిప్పలుడు అనే రాక్షసులు ఋషులను పీడిస్తుంటే శనైశ్చరుడు వారిని సంహరించాడనీ, ఆ వధ వల్ల అంటిన బ్రహ్మహత్యాదోషాన్ని పోగొట్టుకోవడానికి ఇక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించి అర్చించాడనీ చెబుతారు. విని విని అలవాటైన కథ గనుక దాని బలం మనకు పట్టడం లేదు గాని, మన తలరాతను శాసిస్తాడని ఎవరిని తలచి వణుకుతామో ఆ గ్రహదేవతే తన కర్మకు తానే బాధ్యుడినని ఒప్పుకొని, చేయవలసిన పరిహారం స్వయంగా చేసుకున్నాడు. మనం అక్కడ అభిషేకించేది శని కొలిచిన శివుణ్ణే.

మిగిలిన సగం భగవద్గీత పద్ధెనిమిదవ అధ్యాయంలో ఉంది.

అధిష్ఠానం తథా కర్తా కరణం చ పృథగ్విధమ్ ।
వివిధాశ్చ పృథక్చేష్టా దైవం చైవాత్ర పంచమమ్ ॥

శరీరం, కర్త, ఇంద్రియాది సాధనాలు, నానావిధాలైన చేష్టలు, ఐదవదిగా దైవం: ఏ పని జరగాలన్నా ఈ ఐదూ కలిసిరావాలి. శంకరులు ఆ దైవాన్ని కన్ను మొదలైన ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలుగా వివరించారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మే అన్నారు. దేహాన్నీ శక్తినీ ఇచ్చేది పరమాత్మే అయినా, ఆ శక్తితో పనికి పూనుకునేది జీవుడు తన ఇచ్ఛతోనేననీ, అలా పూనుకున్నవాడికి లోపల ఉండి అనుమతి ఇచ్చి నడిపించేది ఆయనేననీ రామానుజుల వివరణ. ఈ మాట నాకు గొప్ప ధైర్యం ఇస్తుంది, ఎందుకంటే మనం పూనుకోనిదే అనుమతి అనే ప్రసక్తే రాదు.

మన డెల్టా చరిత్ర కూడా ఇదే చెబుతుంది. గోదావరి ఎప్పటినుంచో ఇక్కడే పారుతున్నా, పంతొమ్మిదవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో ఈ సీమ కరువులతో చిక్కి శల్యమైంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దాని కాలువలు వచ్చాకనే ఆ నీరు పొలం గట్టు దాకా చేరింది. కాటన్ దొరను ఇక్కడివారు అపర భగీరథుడని తలచుకోవడం ఊరికే కాదు.

అయితే ఇన్ని కారణాలు ఉండగా తానొక్కడే కర్తనని భావించేవాడు ఉన్నదున్నట్టు చూడలేనివాడని పదహారవ శ్లోకం అంటుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద విరుచుకుపడినప్పుడు కోతకు దగ్గరపడిన సార్వా వరి నేలమట్టమైంది, కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోయాయి. ఆకుమడి నాటి నుంచి ఊడ్పులు, కలుపుతీతల వరకు ఆ రైతు చేయకుండా వదిలిన పని ఏముంది? అలాంటివాడితో "అంతా నీ పూర్వకర్మ" అనడం శాస్త్రం చెప్పడం కాదు, గుండె లేకపోవడం. గెలిచినవాడి గర్వాన్ని అణచే ఆ శ్లోకమే నష్టపోయినవాడి మీద పడే నిందనూ తుడిచివేస్తుంది; ఐదవ కారణం కలిసిరానప్పుడు మొదటి నాలుగింటిలో తప్పు వెతకడం అన్యాయం.

తోటలు పోయినవారు మళ్లీ కొబ్బరి మొక్కలే నాటారు. దేశవాళీ కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది గనుక అందాకా ఆ నేలలోనే అరటి, కంద వేసుకునే ఆలోచన రైతుది, నాటిన మొక్క మీదుగా వీచే గాలి మాత్రం అతని చేతిలోనిది కాదు.