పోటీ తేలేది గిట్టల దగ్గరే

సంక్రాంతి వచ్చిందంటే మా పల్నాడు వైపు ఎక్కడో ఒకచోట బండలాగుడు పోటీలు పెడతారు. అందరూ ఒంగోలు గిత్తల మూపురం, మెడ చూసి మురిసిపోతుంటే నా చూపు మాత్రం వాటి గిట్టల మీదే. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేవాడి జబ్బు అనుకోండి.

న్యూటన్ మూడో నియమం చెప్పిన రోజు క్లాసులో ఎవడో ఒకడు లేచి అడక్క మానడు. "సార్, ఎద్దు బండను ఎంత లాగితే బండ కూడా ఎద్దును అంతే వెనక్కి లాగుతుంది కదా, మరి కదిలేదెలా?" ఆ రెండు బలాలూ సమానమే. కాకపోతే ఒకటి బండ మీద, ఇంకోటి ఎద్దు మీద పనిచేస్తాయి కాబట్టి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు. ఎద్దును ముందుకు నడిపేది నేల. గిట్ట నేలను వెనక్కి తంతే నేల గిట్టను ముందుకు తోస్తుంది. ఈ తోపు వచ్చేది ఘర్షణ వల్లే. అవతల బండను పట్టి ఆపేదీ ఘర్షణే.

ఇప్పుడు లెక్క చూద్దాం. బండ 2 టన్నులు అనుకోండి. ఘర్షణ దాని బరువులో సగం ఉంటే, లాగడానికి 1000 కిలోల బరువంత బలం కావాలి. జత ఎడ్లు కలిపి 1200 కిలోలు తూగుతాయనుకుంటే, గిట్టల కింద పట్టు వాటి బరువులో 83 శాతం ఉండాలి. చాలా ఎక్కువ! పట్టు చాలకపోతే కాళ్ళు జారతాయి, అంతే. అప్పుడు కొట్టినా, అరిచినా ఒరిగేదేమీ లేదు. ముల్లుగర్రతో పొడిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది అందుకే.

మరి అంత బండను ఎలా లాగుతున్నాయి? గిట్టలు మట్టిలోకి దిగబడడం ఒక కారణం. రెండోది చాలామంది గమనించనిది: కాడి ఎత్తులో ఉంటుంది, బండ నేల మీద ఉంటుంది, మధ్యలో తాడు ఏటవాలుగా వస్తుంది. ఆ వాలు 15 డిగ్రీలు ఉంటే చాలు, లాగుడులో కొంత భాగం బండను పైకి లేపుతూ దాదాపు 236 కిలోల భారం తగ్గిస్తుంది. ఆ భారం ఎటూ పోదు, కాడి మీదుగా ఎడ్ల మీద పడుతుంది. అంటే బండ తేలికై దాని ఘర్షణ తగ్గింది, ఎడ్లు బరువై వాటి పట్టు పెరిగింది. మళ్ళీ లెక్కేస్తే 83 శాతం కాస్తా 61కి దిగుతుంది.

ఇక మొదటి అడుగు. కదలని బండను కదిలించడానికి పట్టే బలం, కదిలాక లాగడానికి అంత అక్కర్లేదు. ఆగి ఉన్నప్పుడు పట్టి ఆపే స్థైతిక ఘర్షణ కంటే, కదిలాక ఉండే జారుడు ఘర్షణ తక్కువ. అందుకే అనుభవం ఉన్న తోలేవాళ్ళు బండను మధ్యలో ఆగనివ్వరు. ఆగితే మళ్ళీ మొదటి అడుగంత కష్టం.

ఇది ల్యాబులో చూపించడం తేలికే. ఇటుకకు తాడు కట్టి స్ప్రింగ్ త్రాసుతో మెల్లగా లాగిస్తాను. ముల్లు పెరుగుతూ పోయి, ఇటుక కదిలిన క్షణాన టక్కున కిందికి జారుతుంది. పిల్లలు దాన్నే పదేపదే చేస్తారు, బెల్లు కొట్టినా వదలరు.

ఒకసారి వెనక బెంచీ కుర్రాడు అడిగాడు: "సార్, అయితే తాడును ఇంకా నిలువుగా కడితే?" కొంతవరకు లాభమే. ఘర్షణ సగం ఉన్నప్పుడు సుమారు 27 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా తక్కువ బలంతో పని జరుగుతుంది. అది దాటితే ముందుకు లాగే భాగం మరీ తగ్గిపోతుంది. అయినా వాలు పెంచాలంటే తాడు పొట్టిది చెయ్యాలి కదా. వాళ్ళింట్లో ఎడ్లున్నాయి, సమాధానం వాడే చెప్పాడు: "బండొచ్చి ఎనక కాళ్ళకు తగులుద్ది సార్."